పాత ఇటుకలతో పెరటి బాట: కింది పొర గట్టిగా ఉంటేనే పైనేల నిలుస్తుంది

తొలకరి పడిన వారం రోజులకే ఇంటి గుమ్మం నుంచి పశువుల పాక దాకా ఉన్న దారి బురదగా మారడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. పాల క్యాను పట్టుకుని ఆ దారిలో నడిచే ఆడవాళ్లు, పెద్దవాళ్లు జారిపడుతుంటారు. పశువుల గిట్టల మధ్య బురద నిలిచి పుండ్లు పడతాయి. పొదుగుకు బురద అంటుకుంటే పొదుగువాపు వచ్చే అవకాశం పెరుగుతుంది. సిమెంట్ నేల వేయిద్దామంటే ఖర్చుకు వెనకాడతాం. అదే సమయంలో కూలగొట్టిన పాత గోడ ఇటుకలు పెరట్లో ఒక మూల కుప్పగా పడి ఉంటాయి.

ఆ ఇటుకలతోనే మంచి బాట వేసుకోవచ్చు. అయితే కుప్పలోంచి తీసి నేరుగా నేల మీద పరిస్తే రెండు వానలకే కుంగిపోతాయి. పాత ఇటుకల్లో ఎక్కువ భాగాన్ని కింది పొరకు వాడాలి. ఆ కింది పొరలో చేరిన నీరు బయటికి పోయేలా చూడాలి. ఈ రెండు పనులు సరిగ్గా చేస్తే బాట చాలా ఏళ్లు నిలుస్తుంది.

కొత్త ఇటుక కొనకపోవడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. మన ప్రాంతంలో మట్టి ఇటుకలు చాలావరకు పొలాల పైమట్టితో తయారవుతాయి. ఒక్కో ఇటుక దాదాపు 3 కిలోలు తూగుతుంది. 400 పాత ఇటుకలు వాడుకుంటే సుమారు 1,200 కిలోల మట్టి పొలంలోనే మిగిలినట్టు.

కుప్ప కదిలించే ముందు జాగ్రత్తలు

చాలా కాలంగా కదలని ఇటుకల కుప్పలో పాములు, తేళ్లు, జెర్రులు చేరి ఉంటాయి. అందుకని:

- పగటిపూటే పని చేయాలి. కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు వేసుకోవాలి.
- చేయి పెట్టే ముందు గడ్డపారతో పై ఇటుకలను పక్కకు దొర్లించాలి. సందుల్లోకి నేరుగా వేళ్లు పెట్టకూడదు.
- పాము కాటు వేస్తే కట్లు బిగించడం, కోయడం, నాటు వైద్యం అంటూ ఆలస్యం చేయడం ప్రమాదం. కాటు పడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కూలిన ఇంటి శిథిలాల్లో మేకులు, తీగ ముక్కలు ఉంటాయి. పశువులు మేతలో కలిసిన ఇనుప ముక్కలను ఏరి పారేయలేవు, మేతతో పాటే మింగేస్తాయి. మింగిన మేకు పొట్టలోని రెండో భాగంలో చేరి, అక్కడి నుంచి గుండె వైపు పొడుచుకుపోయి పశువు ప్రాణానికే ముప్పు తెస్తుంది. కాబట్టి ఇటుకలను పాకకు, గడ్డివాముకు దూరంగా శుభ్రం చేయాలి. పని అయ్యాక ఆ చోటును అయస్కాంతంతో ఒకసారి వెతికితే మంచిది. సిమెంట్ రేకుల ముక్కలు కనిపిస్తే వాటిని పగలగొట్టకూడదు, కింది పొరలో కలపకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

పురుగుమందులు లేదా ఎరువులు నిల్వ ఉంచిన గది ఇటుకలను బావి దగ్గర, కూరగాయల మడుల దగ్గర వాడవద్దు.

ఇటుకలను మూడు కుప్పలుగా వేరు చేయడం

మట్టితో లేదా సున్నంతో కట్టిన గోడల ఇటుకలు సుత్తితో మెల్లగా తట్టితే శుభ్రపడతాయి. సిమెంట్‌తో కట్టినవి అంత తేలికగా ఊడవు. వాటి మీద గంటల కొద్దీ కూలి ఖర్చు పెట్టడం దండగ. అవి కింది పొరకు అలాగే పనికొస్తాయి.

మొదటి కుప్ప, పైపొరకు: నిండుగా ఉన్నవి, అంచులు చెక్కుచెదరనివి. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఛాతీ ఎత్తు నుంచి మామూలు నేల మీద వదిలితే పగలకూడదు.

రెండో కుప్ప, కింది పొరకు: విరిగినవి, సిమెంట్ అంటుకున్నవి, ఎక్కువగా కాలి నల్లబడి వంకరపోయినవి. ఆకారం ఎలా ఉన్నా గట్టిగా ఉంటే చాలు.

మూడో కుప్ప, వాడకూడనివి: సరిగ్గా కాలక లేత రంగులో ఉన్నవి, కొడితే డబడబమనేవి, పొడి రాలేవి. ఇవి నీటిలో నాని మట్టిగా మారిపోతాయి. వీటిని కింది పొరలో కలిపితే అక్కడే బాట కుంగుతుంది.

అనుమానం ఉంటే తూకం పరీక్ష చేయండి. బాగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో నానబెట్టి, పైన తడి తుడిచి మళ్లీ తూచండి. భారత ప్రమాణాల ప్రకారం మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. అంటే 3 కిలోల ఇటుక నానిన తర్వాత 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు. దాటితే పైపొరకు పనికిరాదు. వేలితో నొక్కితే మెత్తబడే ఇటుక కింది పొరకు కూడా వద్దు.

తెల్లటి ఉప్పు పొడి పట్టిన ఇటుకలు పాత పాకల గోడల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఆ ఉప్పు ఇటుకను పొరలు పొరలుగా రాల్చుతుంది, సిమెంట్‌ను కూడా దెబ్బతీస్తుంది. గట్టిగా ఉన్నవాటిని సిమెంట్ లేని బాట కింది పొరకు మాత్రమే వాడాలి.

నేల నీటిని ఇంకించుకుంటుందా?

పని మొదలుపెట్టే ముందు బాట వేసే చోట అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. కొన్ని గంటల్లో ఇంకిపోతే పెద్ద చిక్కు లేదు. ఎర్ర చెల్క నేలల్లో, ఇసుక నేలల్లో సాధారణంగా ఇలాగే ఉంటుంది. మర్నాటికి కూడా నీరు నిలిచి ఉంటే జాగ్రత్త పడాలి.

నల్లరేగడిలో చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కందకం తవ్వి ఇటుక ముక్కలు నింపితే నీరు ముక్కల సందుల్లోంచి కిందికి దిగుతుంది, కానీ అడుగున ఉన్న బంకమట్టి దాన్ని పీల్చుకోదు. బయటికి దారి లేక కందకం నీళ్ల తొట్టిలా నిండిపోతుంది. అడుగు మట్టి నాని మెత్తబడి, ఇటుక ముక్కలు అందులోకి కూరుకుపోతాయి. ఎండాకాలంలో అదే మట్టి పగుళ్లిచ్చి పైనేలను ఎగుడుదిగుడు చేస్తుంది.

దీనికి విరుగుడు రెండు పనులు. ఒకటి, నల్లరేగడిలో మరో 4 అంగుళాలు అదనంగా తవ్వి, అక్కడ మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. రెండోది, కందకం అడుగును ఒకవైపుకు వాలుగా తీసి, పల్లపు చివర నుంచి చిన్న కాలువ తవ్వి, దాన్ని కూడా ఇటుక ముక్కలతో నింపి కొబ్బరి లేదా అరటి పాదు వైపు మళ్లించాలి.

ఎన్ని ఇటుకలు కావాలి?

20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న బాట లెక్క ఇది. ఇటుక కొలత 9 x 4.5 x 3 అంగుళాలు అనుకుందాం. మీ ఊరి ఇటుక కొలత వేరైతే లెక్క మారుతుంది.

- కింది పొర: కొట్టిన తర్వాత 4 అంగుళాల మందం. సుమారు 200 ఇటుకలకు సరిపడా ముక్కలు.
- ఇసుక పరుపు: ఒకటిన్నర అంగుళం మందం. 7.5 ఘనపుటడుగులు. సందులు నింపడానికి మరికొంత.
- పైపొర: ఇటుకను పడుకోబెట్టి పరిస్తే సుమారు 215. పక్కమీద నిలబెట్టి పరిస్తే సుమారు 320.

మనుషులు నడిచే దారికి పడుకోబెట్టి పరిస్తే చాలు. పశువులు రోజూ తిరిగే చోట పక్కమీద నిలబెట్టి పరిస్తేనే ఎక్కువ కాలం ఆగుతుంది. అప్పుడు పైపొర మందం 3 నుంచి 4.5 అంగుళాలవుతుంది కాబట్టి తవ్వకం కూడా మరో ఒకటిన్నర అంగుళం పెంచాలి.

పని చేసే వరుస

1. రెండు పక్కలా గూటాలు కొట్టి దారం కట్టాలి. వెడల్పులో అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి. 3 అడుగుల బాటకు ఒక అంచు రెండో అంచు కంటే ముప్పావు అంగుళం కిందికి ఉండాలి. ఇంటి గోడ పక్కన ఉంటే వాలు గోడకు ఎదురు వైపు ఉండాలి.

2. ఏడున్నర అంగుళాల లోతు తవ్వాలి. మూడు పొరలూ కలిపి ఎనిమిదిన్నర అంగుళాలు కాబట్టి బాట నేలకంటే ఒక అంగుళం ఎత్తుగా నిలుస్తుంది. తీసిన పైమట్టిని కూరగాయల మడులకు వాడుకోవచ్చు. సున్నం, సిమెంట్ కలిసిన శిథిలాల పొడి మాత్రం మడుల్లో వేయకూడదు. అది నేలలో క్షారగుణాన్ని పెంచుతుంది.

3. అడుగున నీళ్లు చల్లి, ఆరాక దిమ్మిసతో కొట్టాలి.

4. రెండో కుప్ప ఇటుకలను నిమ్మకాయంత ముక్కలుగా పగలగొట్టాలి. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ముక్కలను ఒకేసారి నింపకుండా రెండు వరుసలుగా పోసి, ప్రతి వరుసనూ విడిగా కొట్టాలి.

5. ముక్కల మీద సన్నటి మొరం చల్లి సందులు పూడేలా కొట్టాలి. ఈ పని మానేస్తే పైన వేసే ఇసుక వానలకు సందుల్లోకి జారిపోయి బాట గుంతలు పడుతుంది.

6. రెండు అంచుల్లో ఇటుకలను నిలువుగా సగం పాతి గట్టు కట్టాలి. గట్టు లేకపోతే పైపొర పక్కలకు జరిగిపోతుంది.

7. ఇసుక పరిచి చెక్కతో సమం చేయాలి. పైపొర ఇటుకలను ఒక వరుస సందు పక్క వరుస ఇటుక మధ్యకు వచ్చేలా పరచాలి. పొడి ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి నెట్టాలి.

పశువులు కట్టేసే చోట ఎలా?

ఇసుక సందుల నేల నడిచే బాటకే సరిపోతుంది. పశువులను కట్టేసే చోట మూత్రం సందుల్లోకి ఇంకి వాసన, ఈగలు పెరుగుతాయి. అక్కడ కింది పొరగా 1:4:8 పాళ్లలో సిమెంట్, ఇసుక, ఇటుక కంకర కలిపిన కాంక్రీటు వేసి, పైన ఇటుకలను సిమెంట్‌తోనే పరచాలి. సందులను 1:3 సిమెంట్ మాలుతో నింపాలి. పాత ఇటుకలు నీరు ఎక్కువ పీలుస్తాయి కాబట్టి ముందుగా నానబెట్టాలి, లేకపోతే మాలులోని నీటిని లాగేసి పట్టు తగ్గిస్తాయి. కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి. పైనేలను నున్నగా చేయకూడదు, పశువులు జారతాయి. వాలు మూత్రపు కాలువ వైపు, కాలువ పేడగుంత వైపు ఉండాలి.

తర్వాత చూసుకోవలసినవి

మొదటి వానాకాలంలో ఒకటి రెండు చోట్ల బాట కొద్దిగా కుంగడం మామూలే. అక్కడి ఇటుకలు తీసి, ఇసుక వేసి, మళ్లీ పరిస్తే సరిపోతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ కుంగితే కింద నీరు నిలుస్తోందని అర్థం. అప్పుడు ఇసుక వేయడం ఆపి, నీరు పోయే కాలువ పూడిందేమో చూడాలి. నీడలో నాచు పట్టిన ఇటుకలను గట్టి చీపురుతో రుద్ది శుభ్రం చేయాలి, వాటి మీద పడే వాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ.

ఈ పనికి వేసవి అనువైన కాలం. నేల పొడిగా ఉంటుంది, పొలం పనులు తక్కువగా ఉంటాయి. ఇటుకలను ఇప్పుడే మూడు కుప్పలుగా వేరు చేసి పెట్టుకుంటే, తొలకరికి ముందే బాట పూర్తి చేసుకోవచ్చు.