కాలిన గొడ్డలిని రెండుసార్లు ముంచుతారెందుకు?

ప్రశ్న: కమ్మరి ఎర్రగా కాల్చిన గొడ్డలిని అంచు మునిగేంతవరకే నీళ్ళలో పెట్టి తీస్తాడు. కాసేపు దాన్నే చూస్తూ ఉండి, మళ్ళీ ముంచుతాడు. మొదటిసారే మొత్తం ముంచేయొచ్చు కదా?

జవాబు: గొడ్డలి చేసే పని దగ్గర మొదలుపెడదాం. కట్టెలో దిగాలంటే అంచు గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే నాలుగు వేట్లకే మొద్దుబారుతుంది. కానీ ప్రతి వేటుకూ గొడ్డలి ఒళ్ళంతా అదురుతుంది. ముఖ్యంగా కామ దూర్చే రంధ్రం దగ్గర పెళుసుగా ఉంటే అక్కడే పగులుతుంది. అంచుకు ఒక గుణం, ఒంటికి మరో గుణం కావాలన్నమాట.

గట్టిదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇనుములో కలిసిన కర్బనం (బొగ్గులో ప్రధానంగా ఉండేది) నుంచి. మామూలు మెత్తని ఇనుములో అది 0.25 శాతం లోపే. దాన్ని ఎంత కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు. లారీ కమాన్ పట్టీలో దాదాపు 0.6 శాతం ఉంటుంది. పాత కమాన్ పట్టీలను కమ్మరులు వెతికి తెచ్చుకునేది అందుకే. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కులో కర్బనం ఇంకా ఎక్కువ. దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు.

ఇప్పుడు కొలిమి దగ్గరికి వెళదాం. వేడి 727 డిగ్రీల సెల్సియస్ దాటాక ఉక్కులోని ఇనుప పరమాణువుల అమరిక మారుతుంది. కర్బనం వాటి సందుల్లో చేరుతుంది. నిదానంగా చల్లారనిస్తే అది మళ్ళీ బయటికొచ్చేస్తుంది, ఉక్కు మెత్తబడుతుంది. నీళ్ళలో ముంచితే ఆ వ్యవధి దొరకదు. ‘స్టాచ్యూ’ ఆటలో ఆ మాట అనగానే పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే కదలకుండా నిలిచిపోయినట్టు, కర్బనం లోపలే చిక్కుకుంటుంది. ఇనుప పరమాణువులను జరగనివ్వదు. అందుకే అంచు గట్టిపడుతుంది. అయితే జరగలేనిది వంగలేదు, వంగలేనిది దెబ్బకు చిట్లుతుంది. ఒక్క ముంపుతో ఆపేస్తే అంచు పెచ్చులు ఊడుతుంది.

కమ్మరి ఆగి చూసేది ఈ పెళుసు తగ్గించడానికే. అంచు చల్లారినా పైభాగంలో వేడి మిగిలే ఉంటుంది. అతను అంచును రాయి మీద రుద్ది తళతళలాడేలా చేస్తాడు. పైనున్న వేడి మెల్లగా అంచువైపు దిగుతుంటే, ఆ మెరుపు మీద రంగులు పాకుతాయి: మొదట 220 డిగ్రీల దగ్గర లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. గాలిలోని ఆక్సిజన్ ఇనుముతో కలిసి కట్టే పలుచని పొర వేడికొద్దీ మందమవుతుంది. మందం మారితే రంగు మారుతుంది. ఈ సన్నని వేడికి చిక్కుకున్న కర్బనంలో కొంత విడుదలై, పెళుసు తగ్గుతుంది. గట్టిదనం కొద్దిగానే పోతుంది. దీన్నే టెంపరింగ్ అంటారు.

కావలసిన రంగు అంచుకు చేరగానే గొడ్డలిని మొత్తం ముంచేస్తాడు. ఆలస్యమైతే వేడి ఇంకా దిగి అంచు మెత్తబడిపోతుంది. అప్పటికి పైభాగం 727 డిగ్రీల కంటే బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి, ఈ రెండో ముంపు దాన్ని పెళుసుగా మార్చదు.

మరో సంగతి కూడా ఇందులోంచే తెలుస్తుంది. గ్రైండర్ మీద పదును పెట్టేటప్పుడు అంచు నీలం తిరిగిందంటే, అక్కడ వేడి 300 డిగ్రీలకు చేరినట్టే. మెత్తబడిన ఆ భాగం అరిగిపోయేదాకా అక్కడ పదును నిలవదు. అందుకే మధ్యమధ్య నీళ్ళలో ముంచుతూ నూరాలి.