గది కిరాయికిచ్చు మన సోదరులకు

షోలాపూరులో మన కుటుంబములు అనేకము క్రింద మగ్గములు, పైన సంసారము, ప్రక్కన కిరాయికొక గదిగా బ్రతుకుచున్నవి. మగ్గము ఆగిన నెలలో ఆ కిరాయియే ఇంటికి గంజి. అట్టి గది మొండివాని చేతిలో పడినచో ఏమి చేయవలెనో మేము నష్టపడి నేర్చుకొంటిమి.

తెలిసినవాడే గదా యని కాగితము లేకయే గది ఇచ్చితిమి. నాలుగు నెలలు సరిగా ఇచ్చెను. పిదప ఏడు నెలలు నేడు రేపనెను. కోపము పట్టలేక కుళాయి కట్టివేసితిమి. వకీలుగారు విని, "ఇప్పుడు తప్పు మీదయినది" అనిరి. 1999 నాటి మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టము ప్రకారము కిరాయిదారునకు నీరు, కరెంటు ఆపుట నేరము. ఆనాడే నీరు విడిచితిమి.

ఆ చట్టము ప్రకారమే ఒప్పందము వ్రాతలో నుండి రిజిస్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. చేయించనిచో, వేరు రుజువు లేనంతవరకు, షరతులను గూర్చి కిరాయిదారు మాటయే చెల్లును. పుచ్చుకొన్న కిరాయికి రసీదు తప్పదు. బాకీకై ఖాళీ చేయింప దావా వేయుటకు ముందు వ్రాతపూర్వకముగా నోటీసిచ్చి, అది అందిన పిదప 90 రోజులు ఆగవలెను.

మేమును నోటీసు పంపితిమి. రెండవ నెలలో అతడే వచ్చి, పెద్దల యెదుట సగము బాకీ చెల్లించి గది విడిచెను. మిగిలినది వదలుకొంటిమి.

నూలు అరువిచ్చునపుడు చిట్టా వ్రాయుదుము. గది ఇచ్చునపుడు ఏల వ్రాయము? కిరాయికుండువారిలోను మనవారు కలరు. కాగితము ఇరువురికిని రక్షయే.