ఆసుపత్రిని నడిపే చదువు: సీటు కంటే ముందు చూసుకోవాల్సినవి

సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇదే జిల్లాలో ములుగు మండలం లక్ష్మక్కపల్లిలో ఆర్‌వీఎం ప్రైవేటు వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. ఈ ఆసుపత్రుల్లో మన వాళ్లు ఎక్కడ కనిపిస్తారు? ఓపీ లైన్లో నిలబడి, వార్డు ఊడుస్తూ, స్ట్రెచర్ తోస్తూ కనిపిస్తారు. రిజర్వేషన్ల పుణ్యాన కొందరు డాక్టర్లుగా, నర్సులుగా కూడా వచ్చారు. కానీ పారిశుధ్య కాంట్రాక్టు ఎవరికివ్వాలి, ఏ వార్డుకు ఎంతమంది సిబ్బంది కావాలి, బిల్లు కట్టలేని రోగిని ఏం చేయాలి అని తేల్చే గదిలో మన వాళ్లు చాలా తక్కువ. ఆ గదిలోకి తీసుకెళ్లే చదువే ఆసుపత్రి నిర్వహణ, ఆరోగ్య పరిపాలన.

డిగ్రీ అయిపోయిన మన పిల్లలకు ఈ దారి గురించి చెప్పేవారు లేరు. తెలిసినవారికి కూడా ఎక్కువగా ఏజెంట్ల ద్వారా, ప్రైవేటు కాలేజీల ప్రకటనల ద్వారానే తెలుస్తోంది. అందుకే సీటు దొరికిందన్న సంతోషంలో స్కాలర్‌షిప్ హక్కు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఏ కోర్సు, ఏ కాలేజీ అని అడిగే ముందు ఏ రకం సీటు అని అడగాలి.

ఇది మన సమస్య ఎందుకైంది

బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చాయి. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి కార్మికుడికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడు, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా ఆరోగ్య పరీక్షలు చేయించాలి. గ్లవ్స్, బూట్లు, మాస్కులు ఇవ్వాలి. ఈ బాధ్యత ఆసుపత్రిదేనని నిబంధన స్పష్టంగా చెబుతోంది. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఏ కులాల వాళ్లో మనకు వేరే చెప్పక్కర్లేదు. నిబంధన అమలైందా లేదా అని రిజిస్టరులో సంతకం పెట్టేది మాత్రం పరిపాలన విభాగం.

రోగి వైపు నుంచి చూసినా అంతే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. కార్డు ఉన్నా అనుమతి ఎప్పుడొస్తుంది, బయట మందులు ఎందుకు రాశారు, డబ్బు ఎందుకు అడుగుతున్నారు అన్నవి ఆసుపత్రి డెస్కు దగ్గరే తేలతాయి. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం అందే తీరుపై సంఘమిత్ర ఆచార్య 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. మందు ఇచ్చే చేతిలో, పరీక్ష చేసే చేతిలో, మాటలో వివక్ష ఎలా ఉంటుందో అందులో నమోదైంది. దాన్ని ఆపాలంటే మంచి డాక్టరు ఒక్కరే చాలరు. ఫిర్యాదు తీసుకుని చర్య తీసుకునే వ్యవస్థ కావాలి. ఆ వ్యవస్థను తయారు చేసేది పరిపాలకులే.

బాబాసాహెబ్ కొలంబియాలో 1915లో ఎంఏ కోసం రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, నిర్ణయం ఎవరు చేస్తారు అన్నది ఆయన మొదటినుంచీ పట్టించుకున్న విషయం. మనమూ పట్టించుకోవాలి.

పేర్లు దగ్గరగా ఉన్నా చదువులు వేరు

ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఎంబీబీఎస్ చేసినవారికే. నీట్-పీజీ ద్వారా వెళ్లాలి. బీకాం, బీఎస్సీ, బీఏ వాళ్లకు ఆ దారి లేదు.

ఎంహెచ్‌ఏ, ఎంహెచ్‌ఎం అంటే ఆసుపత్రి నిర్వహణలో మాస్టర్స్. ఎక్కువ చోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. వార్డులు, బిల్లింగ్, స్టోర్స్, నాణ్యత ప్రమాణాలు, సిబ్బంది వ్యవహారాలు నేర్పుతారు. ఆసుపత్రిలోనే శిక్షణ ఉంటుంది. ఎంబీఏలో హెల్త్‌కేర్ స్పెషలైజేషన్ కూడా దీనికి దగ్గరే. కానీ అందులో మామూలు మేనేజ్‌మెంట్ పాఠాలు ఎక్కువ.

ఎంపీహెచ్ అంటే ప్రజారోగ్యం. ఒక్క ఆసుపత్రిని కాకుండా జిల్లాను, జనాభాను చూసే చదువు. జాతీయ ఆరోగ్య మిషన్, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి ఇది నప్పుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు దీనికి నర్సింగ్, లైఫ్ సైన్సెస్ లాంటి డిగ్రీలే అడుగుతాయి. అర్హత చూసుకోకుండా ఫీజు కట్టొద్దు.

ఉద్యోగాల గురించి కూడా ఉన్నదున్నట్టు తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో సూపరింటెండెంట్ డాక్టరే ఉంటారు. డాక్టర్లు కానివారికి అక్కడ దొరికేవి ఎక్కువగా ఆరోగ్య మిషన్ కింద ప్రోగ్రాం, క్వాలిటీ మేనేజర్ లాంటి కాంట్రాక్టు పోస్టులు. ప్రైవేటులో ఆపరేషన్స్, ఇన్సూరెన్స్ డెస్కు, క్వాలిటీ విభాగాల్లో అవకాశాలు ఎక్కువ. కానీ అక్కడ రిజర్వేషన్ లేదు. కాబట్టి ఆసుపత్రి శిక్షణ గట్టిగా ఇచ్చే కోర్సే మనకు ఎక్కువ పనికొస్తుంది.

ఎక్కడ, ఏ పరీక్ష

సిద్దిపేట నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లోనే చాలా అవకాశాలున్నాయి. పంజాగుట్ట నిమ్స్ ఎంహెచ్‌ఎం కోర్సు నడుపుతోంది. దానికి నిమ్స్ సొంతంగా నోటిఫికేషన్ ఇస్తుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉంటూ నేర్చుకోవడం అక్కడి లాభం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ స్కూల్ హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఇస్తోంది. దానికి క్యాట్ స్కోరు కావాలి. అక్కడి మెడికల్ సైన్సెస్ స్కూల్లో ఎంపీహెచ్ ఉంది. జూబ్లీహిల్స్‌లోని అపోలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఉస్మానియాకు అనుబంధంగా నడుస్తోంది. అది ప్రైవేటు సంస్థ కాబట్టి సీటు రకం గురించి ముందే అడగాలి. ముంబయి టిస్‌లో ఆసుపత్రి పరిపాలన, ప్రజారోగ్యం రెండూ ఉన్నాయి. ఏ కోర్సుకు ఏ పరీక్ష స్కోరు అడుగుతున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

రాష్ట్రంలోని ఎంబీఏ సీట్లకు ఐసెట్ ఉంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. తెలుగు మీడియం వాళ్లకు తెలుగులోనూ ప్రశ్నలు ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస అర్హత మార్కుల షరతు లేదు. డిగ్రీలో 45 శాతం ఉండాలి.

కాలం కూడా ముఖ్యమే. క్యాట్ నవంబరులో జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టు నుంచే తీసుకుంటారు. సీయూఈటీ-పీజీ మార్చిలో ఉంటుంది. ఐసెట్ మేలోనో జూన్‌లోనో వస్తుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాక మేల్కొంటే ఐసెట్ ఒక్కటే మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఫైనలియర్ మొదట్లోనే దరఖాస్తు మొదలుపెట్టాలి.

సీటు ఏ కోటాలో?

ఇక్కడే మన వాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. అది హక్కు. కానీ మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, స్పాట్ అడ్మిషన్లో చేరినా, దూరవిద్యలో చేరినా ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. “చేరండి, స్కాలర్‌షిప్ వస్తుంది” అని చెప్పే ఏజెంటు ఈ మాట చెప్పడు. కన్వీనర్ కోటా సీటు అని అలాట్‌మెంట్ ఉత్తర్వులో రాసి ఉందా అని చూసుకున్నాకే ఒరిజినల్స్ చూపించాలి.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రూ.2.5 లక్షలు. తెలంగాణ ఈ-పాస్‌లో ఎస్సీలకు చాలాకాలంగా ఉన్న పరిమితి రూ.2 లక్షలు. 2021 మార్గదర్శకాల తర్వాత ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకి వస్తుంది. ఆధార్‌తో జోడించిన ఖాతా లేకపోతే డబ్బు ఆగిపోతుంది. హాజరు 75 శాతం తగ్గినా అంతే.

నిర్వహణ భత్యం ఎంతో కూడా తెలుసుకోవాలి. ప్రొఫెషనల్ పీజీ కోర్సులో హాస్టల్‌లో ఉండేవారికి ఏడాదికి రూ.13,500, బయటినుంచి వచ్చేవారికి రూ.7,000. హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్ ఖర్చుకు ఇది రెండు మూడు నెలలు కూడా చాలదు. కాబట్టి ఎస్సీ కళాశాల హాస్టల్లో గానీ, క్యాంపస్ హాస్టల్లో గానీ చోటు దొరుకుతుందా అన్నది సీటంత ముఖ్యం. 2018 ఫిబ్రవరిలో టిస్ విద్యార్థులు ముంబయి, హైదరాబాద్ సహా అన్ని క్యాంపస్‌లలో తరగతులు బహిష్కరించింది ఈ విషయం మీదే. స్కాలర్‌షిప్ విద్యార్థులకు ఉన్న ఫీజు, హాస్టల్, మెస్ మినహాయింపులను సంస్థ ఎత్తేసింది. టిస్‌కు దరఖాస్తు చేసేవాళ్లు ట్యూషన్ ఫీజుతో ఆగకుండా ఈ మొత్తం ఖర్చు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకున్నప్పుడు కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థా తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ ఫోన్లో పెట్టుకోండి. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు విద్యార్థి భవిష్యత్తు తాకట్టు కాదు.

కులం సర్టిఫికెట్ ఇప్పుడు మారింది

తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9 శాతం, మూడో గ్రూపుకు 5 శాతం. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో గ్రూపు ఉన్న సర్టిఫికెట్ కావాలి. పాతది చేతిలో ఉంటే తహసీల్దారు కార్యాలయం ద్వారా కొత్తది ముందే తీసుకోవాలి. సెంట్రల్ యూనివర్సిటీ, టిస్ లాంటి చోట్ల మాత్రం ఎస్సీ కోటా 15 శాతం ఒక్కటే. అక్కడ కేంద్ర ప్రభుత్వ నమూనాలో సర్టిఫికెట్ అడుగుతారు. రెండూ దగ్గర పెట్టుకోవాలి. వర్గీకరణ మీద మనలో ఎవరి అభిప్రాయం ఏదైనా, సర్టిఫికెట్ లేక ఏ గ్రూపు పిల్లవాడి సీటూ పోకూడదు.

క్యాంపస్‌ను కూడా పరీక్ష పెట్టాలి

2016 జనవరి 17న రోహిత్ వేముల, 2019 మేలో ముంబయిలో వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి మనకు దూరమయ్యారు. ర్యాంకుల జాబితాలు చూసి కాలేజీ ఎంచుకుంటే సరిపోదని ఆ ఇద్దరూ గుర్తుచేస్తూనే ఉంటారు. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. కాలేజీకి ఫోన్ చేసి ఆ అధికారి ఎవరు అని అడగండి. ఎస్సీ, ఎస్టీ సెల్ ఉందా? కిందటేడు ఎస్సీ సీట్లన్నీ నిండాయా? ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిని ఎవరు కేటాయిస్తారు? స్టైపెండ్ ఉందా? ఈ ప్రశ్నలకు నసిగే చోట ఆలోచించుకోవాలి. అన్నిటికంటే నమ్మకమైన సమాచారం అక్కడ చదువుతున్న మన సీనియర్లది.

విదేశాలకు వెళ్లాలనుకుంటే

అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ.20 లక్షలు ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.5 లక్షల లోపు, వయసు 35 ఏళ్ల లోపు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. కానీ ఆ డబ్బు ముందు రాదు. అక్కడికి చేరాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితం తర్వాత సగం వస్తుంది. వీసా కోసం చూపించాల్సిన సొమ్ము మనమే తెచ్చుకోవాలి. అమెరికాలో రెండేళ్ల ఎంహెచ్‌ఏ ఖర్చు తరచూ రూ.20 లక్షలు దాటుతుంది. పైగా చాలా ఎంహెచ్‌ఏ కోర్సులు అక్కడి స్టెమ్ జాబితాలో ఉండవు. అప్పుడు చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ గడువు 12 నెలలే. భూమి అమ్మి వెళ్లే ముందు ఈ లెక్క వేసుకోవాలి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొత్తం ఖర్చు భరిస్తుంది. ఆదాయ పరిమితి రూ.8 లక్షలు, కానీ ఏడాదికి 125 మందికే. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అంశాలపై పరిశోధనను దాని పరిధి నుంచి తీసేశారు. కులం, ఆరోగ్యం మీద పనిచేయాలనుకునేవాళ్లు ఇది గమనించాలి.

దరఖాస్తులో మన మాట

చాలా చోట్ల ఈ చదువు ఎందుకు కావాలో ఒకటి రెండు పేజీలు రాయమంటారు. ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు. మన పిల్లలు అక్కడ పేదరికం చెప్పుకుని ఆగిపోతారు, లేదా ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు ఆంగ్ల వాక్యాలు దించుతారు. రెండూ పనికిరావు. మీరు చూసినది రాయండి. తల్లి ఆశా కార్యకర్త అయితే ఆమె ఎన్ని రిజిస్టర్లు నింపుతుందో రాయండి. ఆసుపత్రి పారిశుధ్యంలో పనిచేసే బంధువుకు ఏ నెలలో జీతం వచ్చిందో, టీకా వేశారో లేదో అడిగి రాయండి. ఆ చోట మీరు ఉంటే ఏం మారుస్తారో చెప్పండి. ఆసుపత్రిని కింది నుంచి చూసిన అనుభవం మన దగ్గర ఉన్నంతగా ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని మనం అర్హతగా చూపించాలి.

సంఘాలు చేయగలిగిన పని కూడా ఉంది. ఏటా ఆగస్టులో సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ డిగ్రీ కాలేజీల్లో, ఎస్సీ హాస్టళ్లలో, గురుకుల డిగ్రీ కళాశాలల్లో ఒక్క పూట కూర్చోవాలి. ఫైనలియర్ విద్యార్థుల ఆదాయ, కుల సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా సరిగా ఉన్నాయో చూసి, పరీక్షల తేదీలు గోడకు అంటించి రావాలి. ఆసుపత్రి ముందు ధర్నా చేయాల్సిన రోజులు ఇంకా ఉంటాయి. ఆ ధర్నా వినతిపత్రం లోపల అందుకునే కుర్చీలో కూడా మన బిడ్డ ఒకరు ఉండాలి.