సైటులోనికి ఫోటో ఎక్కనపుడు: పోగు ఎక్కడ తెగినదో చూడవలెను

చీర మగ్గము దిగినది. మడత వేయకముందే వెలుతురులో పరచి ఫోటో తీసినారు. దానిని సైటులో పెట్టబోగా ఆంగ్లములో ఒక వాక్యము వచ్చి, ఫోటో నిలిచిపోయినది. ఇట్టి సమయమున మన ఇండ్లలో తరచు జరుగుచున్నది ఒకటే. ఆ ఫోటోను వాట్సాప్‌లో ఒకరికి పంపి, కుదించబడి వచ్చిన ప్రతిని సైటులో పెట్టుచున్నారు. ఫోటో ఎక్కును. కాని జరీ పోగు కనబడదు. అంచులోని పని అలికినట్లుండును. ఇల్కల్ చీరకైనను, షోలాపురపు దుప్పటికైనను, బరంపురపు పట్టుకైనను దూరమున కూర్చున్న కొనుగోలుదారునకు మన చేతిపనిని చూపగలది ఆ పోగే గదా! దానిని మనమే చెరుపుకొనుట తగునా?

పడుగులో ఒక పోగు తెగినచో మగ్గమంతయు విప్పము. తెగినచోటు వెదకి అతుకుదుము. ఇచ్చటను అదే పద్ధతి. మన కుటుంబములలో సైట్లు గలవారు ఎక్కువగా వాడునది వర్డ్‌ప్రెస్ గనుక దానిని బట్టియే చెప్పుచున్నాము.

మొదటి పరీక్ష

100 లేక 200 కిలోబైట్లకు మించని ఒక చిన్న జెపెగ్ ఫోటోను ముందుగా ఎక్కించి చూడవలెను. అది ఎక్కినచో సైటు బాగుగనే యున్నది, లోపము మన ఫోటోలో నున్నదని తలపవచ్చును. అదియు ఎక్కనిచో లోపము సర్వరులోనో, మన ఇంటర్నెట్టులోనో యుండును. వేరొక బ్రౌజరులో, వేరొక కనెక్షనుపై మరల ప్రయత్నించినచో ఈ రెంటిలో ఏదో తేలును. ఈ ఒక్క పరీక్ష సగము శ్రమను తప్పించును.

బరువు మించినపుడు

పి.హెచ్.పి. అను సర్వరు భాషలో ఒక్క ఫైలునకు మొదట ఏర్పరచియుండు హద్దు 2 మెగాబైట్లు. నేటి ఫోను ఫోటో దీనిని సుళువుగా మించును. మీ సైటు హద్దు ఎంతయో తెలిసికొనుటకు మీడియా విభాగములో కొత్త ఫైలు చేర్చు పుటను చూడుడు. గరిష్ఠ పరిమాణము అచ్చటనే వ్రాసియుండును. 413 అను సంఖ్య కనబడినచో అంతకు ముందున్న ద్వారమే అడ్డగించినదని అర్థము. ఆ హద్దును సర్వరు వారే పెంచవలెను.

హద్దు పెరుగువరకు ఆగనక్కరలేదు. ఫోటో పొడవైన ప్రక్కను 2560 పిక్సెళ్లకు తగ్గించి, జెపెగ్ నాణ్యతను 80 ప్రాంతమున ఉంచుడు. 2019లో వచ్చిన 5.3 సంచిక నుండి వర్డ్‌ప్రెస్ తానే పెద్ద ఫోటోలను ఈ కొలతకు దించుచున్నది. కావున మనము ముందుగా దించుటవలన చూచువారికి నష్టము లేదు. ఫోను నుండి కంప్యూటరునకు వాట్సాప్ ద్వారానే పంపవలసివచ్చినచో డాక్యుమెంటు రూపమున పంపుడు. అసలు ఫైలే చేరును.

జాతి కుదరనపుడు

ఈ జాతి ఫైలునకు అనుమతి లేదని వచ్చినచో ముందు ఫోనును అనుమానింపవలెను. 2017 నుండి ఐఫోన్లు హెచ్.ఇ.ఐ.సి. అను రూపములో ఫోటోలు తీయుచున్నవి. 2024లో వచ్చిన 6.7 సంచిక వర్డ్‌ప్రెస్ దీనిని జెపెగ్‌గా మార్చుకొనగలదు గాని, సర్వరునకు ఆ శక్తి ఉండవలెను. ఫోను సెట్టింగులలో కెమెరా, అందులో ఫార్మాట్స్ తెరచి, మోస్ట్ కంపాటిబుల్ అనుదానిని ఎంచుకొన్నచో ఇకమీదట తీయు ఫోటోలు జెపెగ్‌లుగనే వచ్చును.

కొందరు ఫైలు పేరు చివర జెపెగ్ అని మార్చి పంపుచున్నారు. చీటీ మార్చినంత మాత్రమున నూలు పట్టగునా? వర్డ్‌ప్రెస్ లోపలి సరకును కూడ పరీక్షించును. ఫైలు పేరులో తెలుగు అక్షరములు, ఖాళీలు ఉన్నచో కొన్ని సర్వర్లు తడబడును. చిన్న ఆంగ్లాక్షరములు, అంకెలు, మధ్య అడ్డగీత చాలును.

గదిలో చోటు లేనపుడు

ఫోల్డరును సృష్టింపలేకపోయితిమని వచ్చినచో లోపము సర్వరులోనిది. వర్డ్‌ప్రెస్ ఫోటోలను సంవత్సరము, నెల వారీగా ఫోల్డర్లలో దాచును. అందుచేత నెలాఖరు వరకు బాగుగా నడచినది, ఒకటవ తేదీన కొత్త ఫోల్డరు తెరువలేక ఆగిపోవుట కలదు. సాధారణముగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 అనుమతులు ఉండవలెను. 777 పెట్టుమని ఎవరైన చెప్పినచో వినవద్దు. అది వీధి తలుపు తెరచి నిద్రించుట వంటిది.

సర్వరులో కొనుకొన్న చోటు నిండినను ఫోటో ఎక్కదు. పెద్ద ఫోటో ఒక్కటి పెట్టినచో వేరువేరు కొలతలలో ఏడు ప్రతులు తయారగును. ఇది ఎరుగక, ఇంకను చోటున్నదని భ్రమపడుచుందుము.

సగములో ఆగినపుడు

ఫోటో చేరినది గాని ప్రతులు తయారు కాలేదు. చిన్న ఫోటో పంపుడని, 2560 పిక్సెళ్ల మాటతో హెచ్చరిక వచ్చును. ఇది జ్ఞాపకశక్తి చాలకపోవుట. మడతపెట్టిన చీర చిన్న పెట్టెలో ఇముడును. కొలిచి కత్తిరింపవలెనన్న పరువవలెను గదా! 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు గల ఫోటో ఫైలుగా 3 మెగాబైట్లే కావచ్చును. విప్పినచో పిక్సెలునకు 4 బైట్ల వంతున 48 మెగాబైట్లగును. ఫోటోను తగ్గించి పంపుటే ఉపాయము.

ఎక్కినను రంగు మారినపుడు

నేతవారికి దీనికి మించిన చిక్కు లేదు. ఫోనులో మిసమిసలాడిన రంగు సైటులో వెలవెలబోవును. ఐఫోన్ వంటివి డిస్‌ప్లే పి-3 అను విశాలమైన వర్ణపట్టికలో ఫోటో తీయును. కొన్ని సర్వర్లలోని జి.డి. అను పనిముట్టు, ప్రతులు చేయునపుడు ఆ పట్టిక గుర్తును తొలగించును. ఎక్కించుటకు ముందే ఫోటోను ఎస్-ఆర్.జి.బి. పట్టికకు మార్చుకొన్నచో ఈ బాధ తగ్గును. పెట్టిన తరువాత ఒకసారి చీరను ప్రక్కన పరచుకొని, రెండు మూడు ఫోనులలో పోల్చి చూచుట మంచిది. రంగు వేరని తిరిగివచ్చిన చీర రాకపోకల ఖర్చు మన నెత్తినే పడును.

సర్వరు వారికి వ్రాయునపుడు

ఫోటో ఎక్కుటలేదని మాత్రమే వ్రాసిన ఉత్తరమునకు జవాబు ఆలస్యమగును. వచ్చిన వాక్యమును అక్షరము తప్పకుండ, తెర చిత్రముతో పంపుడు. తేదీ, గంట, ఫైలు బరువు, పిక్సెళ్ల కొలత, చిన్న ఫోటో ఎక్కినదో లేదో తెలుపుడు. 403 అను సంఖ్య వచ్చినచో అదియు వ్రాయుడు. తరచు సర్వరు కాపలా విభాగమో, సైటులోని రక్షణ ప్లగిన్నో అడ్డగించుట వలన అది వచ్చును.

కడపటి మాట. తగ్గించిన ప్రతి సైటుకు. అసలు ఫోటో మీ ఇంటి కంప్యూటరులో భద్రముగా ఉండవలెను. చీర అమ్ముడుపోయిన తరువాత ఆ నేతకు మన యొద్ద మిగులు సాక్ష్యము అదియే.