పాత ఇల్లు, కొత్త పెయింటు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఎవరో కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు. అదంత కష్టమైన పని కాదనుకుని ఉంటారు! నేనూ అలాగే అనుకున్నాను, 2024 వేసవి సెలవుల దాకా.

మేం ఉండేది దోహాలో, అల్ ముంతజాలో. రౌదత్ అల్ ఖైల్ అని బోర్డుల మీద రాసినా మనవాళ్ళ నోట ముంతజా అనే మాటే నిలిచిపోయింది. సాయంత్రం పార్కులో పిల్లల్ని వదిలి బెంచీల మీద కూర్చునే తెలుగువాళ్ళ కబుర్లు వింటే మీకే తెలుస్తుంది, సగం మాటలు ఇళ్ళ గురించే. ఇక్కడ అద్దె ఎంత పెరిగింది, అక్కడ గజం ఎంత పలుకుతోంది... 2020లో ఖతార్ ప్రభుత్వం విదేశీయులు ఇల్లు కొనుక్కోగల ప్రాంతాలను, 99 ఏళ్ళ హక్కు మీద తీసుకోగల ప్రాంతాలను విడివిడిగా ప్రకటించినప్పుడు రెండో జాబితాలో మా రౌదత్ అల్ ఖైల్ పేరు కూడా ఉంది. అయితే మా బెంచీ మీద వాళ్ళెవరికీ ఆ ఆలోచన లేదు. మనసంతా ఊళ్ళోనే కదా!

నా మనసు కాకినాడలో ఉంది. అమ్మ సామర్లకోట దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటోంది. మోకాళ్ళ నొప్పులు, షుగరు. ఆసుపత్రికి దగ్గరగా, మెట్లెక్కే పని లేకుండా కింద వాటా ఉన్న ఇల్లు చూడమని మా బావగారికి చెప్పాను. ఆయన రామారావుపేటలో ఒకటి చూశారు. 1984లో కట్టిన డాబా, పైన మరో వాటా, 200 గజాల స్థలం, వెనక కొబ్బరిచెట్టు. ధర కోటి పది లక్షలు. వీడియో కాల్లో ఇల్లంతా తిప్పి చూపించారు. అప్పుడే వేసిన లేత పసుపు రంగు పెయింటు మెరిసిపోతోంది. "ఏవండీ, ఆ వరండాలో అత్తయ్యగారి ఉయ్యాల పడుతుంది" అంది మా ఆవిడ. అంతే, ఇల్లు మాదైపోయినట్టే!

బావగారు పనిమంతులు. లింకు డాక్యుమెంట్లు వకీలుగారికి ఇచ్చారు, 30 ఏళ్ళ ఈసీ తీయించారు, ఇంటి పన్ను రసీదులు చూశారు. సిద్ధాంతిగారిని తీసుకెళ్ళి వాస్తు చూపించారు. ఈశాన్యం బాగుందన్నారట. బ్యాంకు నుంచి వచ్చినాయన విలువ కట్టి వెళ్ళాడు. అడ్వాన్సు 5 లక్షలు పంపడమే తరువాయి.

ఆ శుక్రవారం మా పై ఫ్లాట్ అన్నయ్యగారు టీకి వచ్చారు. గుంటూరు మనిషి, పాత భవనాల మరమ్మతు పనుల్లో స్ట్రక్చరల్ ఇంజనీరు. నేను గొప్పగా వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి ఒకే మాట అడిగారు.

"తమ్ముడూ, కాగితాలు వకీలు చూశాడు, దిక్కులు సిద్ధాంతి చూశాడు, రేటు బ్యాంకు చూసింది. స్తంభాలు ఎవరు చూశారు?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ మాత్రం టీ కప్పు కింద పెట్టి నా వైపు చూసింది. ఎందుకంటే ముంతజాలో ఉన్నవాళ్ళెవరికీ ఆ ప్రశ్న కొత్త కాదు. 2023 మార్చి 22, రంజాన్ నెల మొదలవడానికి ముందురోజు. మా పక్క పేట బిన్ దుర్హమ్‌లో నాలుగంతస్తుల భవనం పొద్దున్నే కూలిపోయింది. అంబులెన్సుల మోత మాకు వినిపిస్తూనే ఉంది. పోయినవాళ్ళలో మన దేశంవాళ్ళు కూడా ఉన్నారు. ఆ తరవాత చాలా రోజులు మా అమ్మాయి మెట్ల దగ్గర గోడ మీది పగుళ్ళు లెక్కపెడుతూ వచ్చేది. మన దగ్గర మాత్రం జరగలేదా? 2013 జులై 8న సికింద్రాబాదులో సిటీలైట్ హోటల్ ఉన్న పాత భవనం కూలి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇలాంటివి వార్తల్లో చూసి అయ్యో అనుకుంటాం. మనం కొనే ఇంటిని మాత్రం ఆ కంటితో చూడం.

ఇంగ్లండులో పాత ఇల్లు కొనేవాళ్ళు ముందు సర్వే చేయించుకోవడం మామూలే. అక్కడి సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ మూడు స్థాయిల సర్వేలు పెట్టింది. పాత ఇళ్ళకు, మార్పులు చేసిన ఇళ్ళకు మూడోదైన వివరమైన సర్వే చేయించుకోమంటారు. మన దగ్గర ఆ ఆనవాయితీ లేదు. కానీ పరీక్షలు, అవి చేసే ఇంజనీర్లు, ల్యాబులు అన్నీ ఉన్నాయి. కొన్ని ఇంజనీరింగు కాలేజీల సివిల్ విభాగాలు కూడా ఫీజు తీసుకుని చేస్తాయి. అడిగేవాళ్ళే తక్కువ.

అడ్వాన్సు ఆపమంటే బావగారికి కోపం వచ్చింది. "మంచి బేరం చెయ్యి జారిపోతుంది" అన్నారు. ఇంటి యజమాని రిటైరైన పెద్దాయన. ఆయనా నొచ్చుకున్నారు. "96 తుపానుకే చెక్కు చెదరని ఇల్లు బాబూ ఇది" అన్నారు ఫోన్లో. 1996 నవంబరు 6 నాటి తుపాను మా గోదావరి జిల్లాలవాళ్ళు మర్చిపోయేది కాదు. ఆ ఇల్లు దానికి నిలబడిందంటే నాకూ నమ్మకం కలిగింది. అన్నయ్యగారు నవ్వారు. "గాలివాన ఒక్క రాత్రి కొట్టి పోతుంది తమ్ముడూ. ఉప్పుగాలి నలభై ఏళ్ళు రోజూ కొడుతుంది."

జులైలో సెలవు మీద వెళ్ళాం. అన్నయ్యగారు చెప్పిన పద్ధతిలోనే అమ్మేవాళ్ళతో గానీ, బ్రోకరుతో గానీ సంబంధం లేని ఇంజనీరును మేమే మాట్లాడుకున్నాం. రెండు చోట్ల పెచ్చు కొట్టడానికి, ఒక స్తంభం పక్కన గొయ్యి తవ్వడానికి యజమాని దగ్గర ముందే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాం, మళ్ళీ పూడ్చి ఇచ్చే పూచీ మాది. ఇద్దరు కుర్రాళ్ళు, మూడు పెట్టెల సామానుతో ఇంజనీరుగారు పొద్దున్న ఏడింటికే దిగారు.

నేను ముందు గదిలోకి నడవబోతే ఆయన వెనక బాత్రూముల వైపు వెళ్ళారు. "ముందు గది అందరూ చూపిస్తారండీ" అన్నారు. బీరువా వెనక, అటక కింద, సన్‌షేడ్ల అడుగున, మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద... ఇల్లంతా ఇలాగే చూశారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన బీటకూ, బీము పొడవునా సాగిన బీటకూ తేడా చెప్పారు. మొదటిది పునాది ఒక పక్క కుంగితే రావచ్చు. రెండోది లోపలి చువ్వ తుప్పు పట్టిందని అనుమానించాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, ముందున్న దానికి కొన్ని రెట్లు జాగా ఆక్రమిస్తుందట. అది తోసే తోపుకే కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పెయింటు వేస్తే బీట కనబడదు గానీ తోపు ఆగదు కదా!

ఒక కుర్రాడు గోడ మీద సుత్తిలాంటి పరికరంతో కొట్టి అంకెలు రాసుకుంటున్నాడు. రీబౌండ్ హ్యామర్ అంటారు. స్ప్రింగు సుత్తి ఎంత వెనక్కి ఎగిరితే పైపొర అంత గట్టిదన్నమాట. అంకెలు బాగానే వస్తున్నాయని బావగారు మురిసిపోయారు. "అదే మోసమండీ" అన్నారు ఇంజనీరుగారు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి పీల్చుకున్న కాంక్రీటు పైన గట్టిపడుతుందట. అందుకే సుత్తి ఒక్కటీ నమ్మకూడదు. స్తంభానికి అటూ ఇటూ రెండు గుండీలు ఆనించి శబ్ద తరంగం పంపారు. సెకనుకు మూడున్నర కిలోమీటర్ల పైన పోతే బాగున్నట్టు, మూడు కన్నా తగ్గితే లోపల డొల్లగా ఉందేమోనని అనుమానం. ముందు స్తంభాలు గట్టెక్కాయి. వెనక రెండూ ఎక్కలేదు.

ఇప్పుడు పిల్లల కోసం ఒక సంగతి. కొట్టిన పెచ్చు కింద తాజా కాంక్రీటు మీద ఆయన ఒక చిన్న సీసాలోంచి రంగులేని ద్రవం చల్లబోతుంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సీసా మీది పేరు చదివి ఎగిరి గంతేసింది. "నాన్నా, ఫినాఫ్తలీన్! మా ల్యాబులో ఉంది!" ఆయన కళ్ళద్దాలు పెట్టించి దాని చేతే చల్లించారు. ముందు స్తంభంలో అంగుళం లోపల చక్కని గులాబి రంగు వచ్చింది. వెనక బాల్కనీ బీములో చువ్వ దాకా చల్లినా రంగు రాలేదు.

"రంగు రాలేదంటే క్షారం పోయిందన్నమాట కదండీ?" అంది.

"అంతేనమ్మా. కాంక్రీటులో ఆ క్షారం ఉన్నంతకాలం ఇనుముకు కవచం ఉన్నట్టు. అది పోయాక, ఇదిగో..." అని గోరుతో చువ్వను గీకారు. పొరలు పొరలుగా రాలింది. బొటనవేలంత ఉండాల్సిన చువ్వ పెన్సిలంత మిగిలింది.

నాకు అప్పటిదాకా ఆ పరీక్షలన్నీ తతంగంలా ఉన్నాయి. ఆ పొడి చేతిలో పడ్డాక నోట మాట రాలేదు.

గొయ్యి దగ్గర ఇంకో సంగతి బయటపడింది. నాలుగడుగుల లోతుకే నీళ్ళూరాయి. కాకినాడ నేల మెత్తటి బంకమట్టి, తెలిసిందే. స్తంభం అడుగున పునాది చూసి ఆయన తల ఆడించారు. ఒక్క అంతస్తు మోయడానికి వేసిన పునాది అది. మున్సిపల్ ప్లాను తెప్పిస్తే అందులోనూ కింద వాటా ఒక్కటే ఉంది. పై వాటా చాలా ఏళ్ళ తరవాత ఎక్కింది. దాని మీద రెండు వేల లీటర్ల ట్యాంకు. పిల్లలూ, లెక్క వేయండి: లీటరు నీళ్ళు కిలో, అంటే రెండు టన్నులు! పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిద్దామన్న బావగారి ప్లాను ఆ గోతిలోనే మునిగిపోయింది.

కట్టినవాళ్ళు మోసం చేశారని నేను అనను. 1984లో మన ప్రమాణాల ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటుకు ఎం15 రకం సరిపోయేది. 2000లో సవరించాక కనీసం ఎం20, సముద్రపు గాలి తగిలే చోట ఎం30 ఉండాలన్నారు. అప్పటి లెక్కకు అది మంచి ఇల్లే. పైన ఎక్కించిన బరువే ఎవరి లెక్కలోనూ లేదు.

పది రోజులకు ఫొటోలతో, ప్రతి స్తంభానికి నంబరుతో నలభై పేజీల రిపోర్టు వచ్చింది. ఖర్చు 62 వేలు. మీరు చేయించుకుంటే "భవనం బాగుంది" అని ఒక పేజీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళను దయచేసి నమ్మకండి. ఎక్కడ ఏ పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, చూడడానికి వీలుకాని చోట్లు ఏవి, వెంటనే చేయాల్సింది ఏది, ఆగగలది ఏది, ఎంత అవుతుంది, ఇవన్నీ ఉండాలి. కింద ఇంజనీరు సంతకం ఉండాలి. మీరు వెళ్ళలేకపోతే పరీక్షలు జరిగే రోజంతా ఇంటి మనిషి ఒకరు పక్కనుండి వీడియో తీయాలి. వానాకాలంలో చూస్తే మరీ మంచిది, చెమ్మ దాగదు.

మరమ్మతుకు 19 లక్షలు వేశారు. పై వాటా తీసేయడమే మేలన్నారు. ఆ లెక్కన ధర తగ్గించమని అడిగితే యజమాని ససేమిరా అన్నారు. "నలభై ఏళ్ళు ఉన్నాం, మాకేం కాలేదు" అన్నారు. వేరే బేరం ఉందట. సరే, వదిలేద్దామనుకున్నాం.

కానీ రిపోర్టు మొదటి పేజీలో ఎర్ర అక్షరాల వాక్యం ఒకటుంది. వెనక బాల్కనీని ఊతం పెట్టేదాకా వాడకూడదని. ఆ బాల్కనీ పై వాటాలో అద్దెకున్నవాళ్ళది. భార్యాభర్తలు, మూడేళ్ళ బాబు. మేం పరీక్షలు చేయిస్తున్నప్పుడు వాడు ఆ పిట్టగోడ పట్టుకుని మా వైపు చేతులూపాడు.

"మనం కొనడం లేదుగా, మనకెందుకు? పైగా డబ్బు పెట్టి చేయించిన రిపోర్టు ఊరికే ఇస్తావా?" అన్నారు బావగారు. ఆయన మాటలో తప్పు లేదు. ఇంటిగుట్టు బయటపెట్టామని పెద్దాయన గొడవకు రావచ్చు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. పొద్దున్న అమ్మ కాఫీ ఇస్తూ, "ఒరే, నన్ను ఆ ఇంట్లో ఉంచుదామనుకునేగా ఇదంతా చేయించావు. ఆ పిల్లాడికి మాత్రం నానమ్మ ఉండదా?" అంది.

ఆ రోజు రిపోర్టు కాపీ పట్టుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. బేరం మాట ఎత్తలేదు. ఎర్ర వాక్యం ఉన్న పేజీ, చువ్వ ఫొటో ముందు పెట్టాను. పెద్దాయన కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చదివారు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. "పై వాటా మా అబ్బాయి పెళ్ళికి వేశాను బాబూ. మేస్త్రీ మోస్తుందన్నాడు" అన్నారు మెల్లగా. మర్నాడు బావగారు అటుగా వెళ్తూ ఫొటో పంపారు. బాల్కనీ కింద నాలుగు సరుగుడు బాదులు, పైన తలుపుకు తాళం. అద్దెకున్నవాళ్ళు తరవాత నెలలో వేరే ఇంటికి మారారట. పెద్దాయన ఇల్లు ఇంకా అమ్మలేదు.

అమ్మ ఇప్పుడు గాంధీనగరంలో అద్దె ఇంట్లో, కింద వాటాలో ఉంది. ఉయ్యాల వేయడానికి వరండా లేదు, అదొక్కటే వెలితి. మేం ఇంకా చూస్తూనే ఉన్నాం. మొన్న శుక్రవారం బావగారు మరో ఇంటి వీడియో పంపారు. ఈసారి హాలు కాదు, మొదట సన్‌షేడ్ అడుగుభాగం, ఆ తరవాత బాత్రూము పైకప్పు, మేడ మీద ట్యాంకు కాళ్ళు. చివర్లో ఎప్పుడో ఒక్క క్షణం ముందు గది. మా అమ్మాయి ఫోను లాక్కుని వాయిస్ మెసేజ్ పెట్టింది: "మామయ్యా, పింక్ వచ్చిందా?"