రూమ్మేట్ తలుపు తీస్తే

నెక్కొండలో వాకిట్లోకి ఎవరొచ్చినా "రండ్రి, కూసోండ్రి" అనాల్సిందే. వచ్చింది ఠాణా వాళ్లయినా ముందు కుర్చీ వేస్తారు, ఆ తర్వాతే సంగతేమిటని అడుగుతారు. ఆ మర్యాదలోనే పెరిగిన పిల్లలు డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఉంటారు. అక్కడ తలుపు తట్టింది పోలీసులైతే, ఒకడు అన్న "రండి" నలుగురికీ చుట్టుకోవచ్చు.

ఊళ్లో సోదా అంటే పంచనామా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం పంచులు ఉండాలి, సోదాను వీడియో తీయాలి. పద్ధతి తప్పినంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు పూరణ్ మల్ కేసులో ఏనాడో చెప్పింది. అమెరికాలో లెక్క వేరు, పద్ధతి తప్పితే సాక్ష్యమే చెల్లకపోవచ్చు. వారెంటు లేకుండా ఇల్లు సోదా చేయాలంటే అత్యవసర పరిస్థితి లాంటి మినహాయింపైనా ఉండాలి, ఇంట్లోవాళ్లు ఒప్పుకునైనా ఉండాలి. ఒప్పుకోవాల్సింది ఎవరన్న దగ్గరే చిక్కంతా.

విస్కాన్సిన్‌లో 1970లో మ్యాట్‌లాక్ అనే అతన్ని బ్యాంకు దోపిడీ కేసులో ఇంటి ముందే అరెస్టు చేశారు. అతన్ని ఏమీ అడక్కుండా, అదే గదిలో ఉంటున్న స్త్రీని అడిగారు. ఆమె సరేనంది. పసిపిల్లల డైపర్ల సంచిలో 4,995 డాలర్లు దొరికాయి. గదిని ఇద్దరూ వాడుకుంటున్నప్పుడు ఒకరు ఒప్పుకున్నా చాలని 1974లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

మరి రెండోవాడు అక్కడే నిలబడి వద్దంటే? జార్జియాకు చెందిన స్కాట్ రాండాల్ఫ్ సరిగ్గా అదే చేశాడు. భార్య పోలీసులను రమ్మంది, ఆయన కుదరదన్నాడు. 2006లో 5–3 మెజారిటీతో కోర్టు ఆయన మాటే నిలబెట్టింది. ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఫెర్నాండెజ్ అనే అతను గుమ్మంలో నిలబడి వద్దన్నాడు. పోలీసులు అతన్ని అరెస్టు చేసి తీసుకెళ్లి, దాదాపు గంట తర్వాత తిరిగొచ్చి ఇంట్లో ఉన్నామెను ఒప్పించారు. అదీ చెల్లుతుందని 2014లో తీర్పు వచ్చింది. అంటే వద్దన్న మాటకు బలమంతా మనిషి గుమ్మంలో ఉన్నంతసేపే!

కాబట్టి రూమ్మేట్ సరేనంటే హాలు, వంటగది, బాత్రూము పోలీసులకు తెరుచుకున్నట్టే. వేరుగా ఉండి, తాళం వేసుకునే బెడ్రూముకు మామూలుగా ఆ మాట వర్తించదు. హాల్లో పరుపేసుకుని పడుకునే నాలుగోవాడి సంగతే ఇబ్బంది. అద్దె కలిసొస్తుందని మనవాళ్లు చేసే ఏర్పాటే అది.

చిక్కులో పడటం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే ఉత్తుత్తి పేరుతో అమెరికా ప్రభుత్వమే పన్నిన వలలో వందకు పైగా భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. వారిలో తెలుగువాళ్లే ఎక్కువ. అప్పుడు తెలుగు సంఘాలు న్యాయ సహాయానికి ముందుకొచ్చాయి. ఆ ఆదుకునే గుణం మన సొత్తు, గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ వకీలు వచ్చేది తలుపు తెరుచుకున్న తర్వాత. కనుక ముందే నలుగురూ కూర్చుని అనుకోవాలి: తలుపు సందులోంచి కాగితం అడగడం, దాని మీద జడ్జి సంతకం ఉందో లేదో చూడటం, ఇమిగ్రేషన్ అధికారి సంతకం చేసిన వారెంటు జడ్జి ఇచ్చిన సోదా వారెంటు కాదని గుర్తుంచుకోవడం. "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అని మెల్లగా, స్పష్టంగా అనాలి. అడ్డుపడటం, అబద్ధమాడటం మాత్రం కూడదు. అమ్మానాన్నలు నేర్పిన మర్యాద ఇందులో ఎక్కడా చెడదు.

చాలామంది పట్టించుకోనిది తాళంచెవి. షికాగోలో రోడ్రిగ్వెజ్ అనే అతని ఇంట్లోంచి వెళ్లిపోయిన స్నేహితురాలు తన దగ్గరున్న చెవితోనే తలుపు తీసి, పోలీసులను లోపలికి పంపింది. ఆమె అక్కడే ఉంటోందని పోలీసులు నమ్మడం సమంజసమైతే సోదా చెల్లవచ్చని 1990లో సుప్రీంకోర్టు అంది. రూమ్మేట్ ఖాళీ చేసిన రోజునే చెవి వెనక్కి తీసుకోవాలి, లీజులోంచి పేరు తీయించాలి. గ్యారేజీ రిమోట్ కూడా వెనక్కి తీసుకోవాలి.