ధ్రువకాంతియు పైగాలియు



2024వ సంవత్సరము మే నెల 10వ తేదీ రాత్రి లదాఖులోని హాన్లే గ్రామమున ఆకాశము ఎర్రబడెను. ఆ దినములలోనే మా ఎర్రగడ్డ రైతుబజారునకు కూరగాయలు తెచ్చిన పెద్దాయన యొకడు, "అయ్యా, మంచుకొండలమీద ఆకాశము ఎర్రబడెనట! ఇది ఏ కీడునకు సూచన?" అని నన్నడిగెను. నాడు చెప్పినదానినే కొంత విస్తరించి మీకు మనవి చేయుచున్నాను.

మనము పీల్చు గాలిలో నూటికి 78 వంతులు నత్రజని, 21 వంతులు ప్రాణవాయువు. దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తువరకు గాలి చిలికినట్లు కలసియే యుండును. ఆపైన చిలుకు కవ్వము లేదు. బరువైనది అడుగునకు దిగును. తేలికైనది, కాచి దించిన పాలపై మీగడవలె, పైకి చేరును. అక్కడి మీగడ ప్రాణవాయువే. అయితే మనము పీల్చు జంట గాదు, సూర్యుని తీక్ష్ణకిరణములు చీల్చిన ఒంటి పరమాణువు. 200 కిలోమీటర్లకు మీద దానిదే పెత్తనము. హాన్లేలో కనబడిన ఎరుపును దానిదే.

సూర్యునినుండి వెలువడిన విద్యుత్కణముల ప్రవాహము భూమి అయస్కాంతశక్తిని కలతపెట్టినపుడు, ధ్రువప్రాంతములలో ఎలక్ట్రానులు పైగాలిలోనికి దూకును. గొప్ప విద్యుత్ప్రవాహములును పారును. వెలుగు కంటికి వింత గాని, అసలు పని వేడిది. ఆ వేడి ముఖ్యముగా 100, 150 కిలోమీటర్ల నడుమ తగులును. పొయ్యిమీది పాలగిన్నెను తలచుకొనుడు. మంట హెచ్చగా అడుగుపాలు మీగడను చీల్చుకొని పొంగును గదా! అట్లే బరువైన నత్రజని పైకి లేచును. ప్రాణవాయువు వంతు తగ్గును. అట్టిచోట రేడియో అలలను వంచి నేలకు మరల్చు విద్యుత్కణముల పొర చిక్కిపోవును. దూరదేశపు షార్టువేవు ప్రసారము అందకపోవును.

ఎలక్ట్రానులు చీల్చిన నత్రజని ప్రాణవాయువుతో కలసి నైట్రిక్ ఆక్సైడు అగును. ఇది వేడిని అంతరిక్షమునకు విసరివేసి గాలిని చల్లార్చును. పొయ్యి తన విసనకర్రను తానే అల్లుకొన్నట్లున్నది!

పొంగిన గాలి ధ్రువములయొద్ద నిలువదు, భూమధ్యరేఖవైపు వీచును. మనవంటి ఉష్ణదేశములమీద గాలి క్రిందికి దిగుటచే ప్రాణవాయువు వంతు తరచుగా పెరుగును.

నష్టము లేదా యందురేమో. 2022 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికావారి స్టార్‌లింక్ ఉపగ్రహములు 49 ఎగిరినవి. సుమారు 210 కిలోమీటర్ల ఎత్తున, ఉబ్బిన గాలి వానిని అడ్డగించెను; 38 పడి కాలిపోయినవి. ఆ తుపాను పెద్దదియు గాదు.

ఇదంతయు విని పెద్దాయన, "మరి వానల మాటేమి?" అనెను. వానమబ్బులు 20 కిలోమీటర్ల లోపలివే, ఆ పొంగు వానిని తాకదంటిని. ఆయన గంప నెత్తికెత్తుకొని, వంకాయల బేరమునకు పోయెను.